ట్రాక్టరుకు తగిన ట్రాలీ



విత్తనాలను గురించి, ఎరువులను గురించి, చీడపీడలను గురించి మీతో మాట్లాడే అలవాటు ఉన్నవాణ్ణి నేను. ఇవాళ వాటిని పక్కన పెట్టి, పండిన పంటను బజారు చేర్చే సంగతి చెప్పదలచినాను. కోత అయింది, కల్లం అయింది, వడ్లు బస్తాలకెక్కినవి. ఇంక గండం గడిచినట్లే అని మనం అనుకుంటాము. కాని నాలుగు నెలలు పొలంలో జరగని కీడు, కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి పోయే నాలుగు కిలోమీటర్ల దారిలో జరిగిపోతున్నది. పంట పోతే మరుసటి కారులో పండించుకోవచ్చును. మనిషి పోతే ఏ కారులో పండిస్తాము?

ఎద్దుల బండితో మొదలు పెడతాను. ఎందుకంటే ఈ విషయంలో మన పెద్దలకు తెలిసినంత మనకు తెలియదు. బండి నింపేటప్పుడు పెద్దవాళ్లు ఏం చేసేవారు? బస్తాలు సర్దిన తరువాత కాడి చేతితో ఎత్తి చూసేవారు. బరువు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దు మెడకు పలుపు బిగుసుకుంటుంది. ముందుకు ఎక్కువైతే కాడి మెడ మీద కూర్చుని ఎద్దు కుంగిపోతుంది. అందుకని రెండు బస్తాలు అటు ఇటు జరిపి తూకం సరిచేసేవారు. కోడెలకు ఒక బరువు, ముదురు ఎడ్లకు ఒక బరువు అని లెక్క ఉండేది. దిగుడు వచ్చినదంటే బండి దిగి, ఎడ్ల ముందుకు వచ్చి, కాడి పట్టుకుని మెల్లగా దించేవారు. ఎద్దుకు నోరు లేకపోయినా మోయలేనప్పుడు మోకాలి మీద కూలబడి చెబుతుంది. ఇంజను అట్లా చెప్పదు. ఎంత తగిలిస్తే అంత లాగుతుంది. వచ్చిన చిక్కంతా అక్కడనే ఉన్నది.

"అదేమిటయ్యా, మా ట్రాక్టరు నలభై అయిదు హార్స్ పవరుది. నూటయాభై బస్తాలు సునాయాసంగా లాగుతుంది" అని మీరు అనవచ్చు. నిజమే, లాగుతుంది. కాని అయ్యా, లాగడం వేరు, ఆపడం వేరు. లాగేది ఇంజను బలం. ఆపేది ట్రాక్టరు సొంత బరువు, దాని వెనక చక్రాలు నేలను పట్టుకునే పట్టు. హార్స్ పవరు ఎంత ఉన్నా ఆ పట్టు పెరగదు. మన ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. మన ట్రాలీలలో చాలావాటికి అసలు బ్రేకులే ఉండవు. అంటే వెనక ఉన్న బరువునంతా ముందున్న రెండు చక్రాలే ఆపవలెనన్నమాట.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే 40, 45 హార్స్ పవరు ట్రాక్టరు సుమారు రెండు టన్నులు తూగుతుంది. ఖాళీ ట్రాలీ టన్నున్నర అనుకోండి. బస్తా 40 కిలోల చొప్పున 150 బస్తాలు వేస్తే ఆరు టన్నులు. ట్రాలీతో కలిపి ఏడున్నర. ట్రాక్టరుతో కలిపి తొమ్మిదిన్నర టన్నులు. అంటే ఒంటి ట్రాక్టరుకు దాదాపు అయిదింతలు. ఒంటి ట్రాక్టరు 20 కిలోమీటర్ల వేగం మీద పోతూ, బ్రేకు వేస్తే నాలుగు మీటర్లలో ఆగినదనుకోండి. అవే బ్రేకులు అయిదింతల బరువును ఆపాలంటే సుమారు 20 మీటర్లు కావాలి. ఇది బ్రేకు పట్టిన తరువాతి సంగతి. కంటికి కనపడి, కాలు పెడలు మీద పడేసరికి ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో బండి మరి అయిదున్నర మీటర్లు పోనే పోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. రోడ్డు మీదికి మేక పిల్ల వచ్చినా, మనిషి పిల్ల వచ్చినా ఈ లెక్క మారదు.

ఇది చదును రోడ్డు మీద లెక్క. దిగుడులో ఇంకొక బరువు వచ్చి చేరుతుంది. పది అడుగుల పొడవుకు ఒక అడుగు దిగే వాలు ఉంటే, వెనక ఉన్న బరువులో పదవ వంతు మనలను ముందుకు నెడుతూనే ఉంటుంది. ఏడున్నర టన్నుల ట్రాలీ అయితే 750 కిలోల బలంతో నెడుతుందన్నమాట. పది మంది మనుషులు ఎడతెగకుండా వెనక నుంచి తోస్తున్నట్లు అనుకోండి.

ఈ లెక్కలు నేను పుస్తకంలో చదివి ఊరుకొని ఉంటే ఇవాళ మీ ముందుకు వచ్చేవాణ్ణి కాను. నాకు ఇవి ఎట్లా తలకెక్కినవో చెబుతాను.

కొన్నేండ్ల కిందట, మే నెల. యాసంగి వడ్లు కల్లాల మీద ఉన్నవి. మూడు రోజుల నుంచి సాయంత్రం కాగానే మబ్బు పడుతున్నది. కొనుగోలు కేంద్రంలో టోకెన్ల ప్రకారం తూకాలు. వరుస తప్పితే మళ్లీ ఎప్పుడో తెలియదు. నేను తేమ మీటరు పట్టుకుని కల్లం నుంచి కల్లానికి తిరుగుతున్నాను. తేమ 17 శాతం లోపల ఉంటేనే కొంటారు గనుక అందరి కళ్లూ ఆ మీటరు మీదనే.

ఒక కల్లం దగ్గర ఒక యువరైతు బస్తాలు నింపిస్తున్నాడు. అతనికి పత్తి సాళ్ల మధ్య దున్నటానికి కొన్న చిన్న ట్రాక్టరు ఉన్నది. బరువు టన్నుకు అటు ఇటుగా ఉంటుంది. ఊళ్లో పెద్ద ట్రాక్టర్లు అన్నీ తీరిక లేకుండా తిరుగుతున్నవి. అందుకని బావమరిది దగ్గర పెద్ద ట్రాలీ అడిగి తెచ్చి, తన చిన్న ఇంజనుకు తగిలించాడు. నేను గుప్పెడు వడ్లు తీసి మీటరులో పోశాను. పదహారు వచ్చింది. "బాగున్నది. మబ్బు చూసినావు గదా, తొందరగా తీసుకపో" అన్నాను. "వంద బస్తాలు సార్, ఒక్కటే ట్రిప్పుల పట్టుకపోత" అన్నాడు. నేను తల ఊపి పక్క కల్లానికి పోయాను.

వంద బస్తాలంటే నాలుగు టన్నులు. ట్రాలీ టన్ను పైన. ఒక టన్ను ఇంజను వెనక అయిదు టన్నులకు పైగా బరువు. ఆ ట్రాలీ పక్కననే నిలబడి వడ్లలో తేమ ఎంత అని చూసినవాణ్ణి, బరువు ఎంత అని అడగలేదు.

కేంద్రానికి చెరువు కట్ట మీదుగా పోవాలి. ఊరివైపు ఎగుడు నిదానంగా ఉంటుంది. అవతలి వైపు దిగుడు నిటారు, పైన మొరం. అప్పటికే నాలుగు చినుకులు పడి మొరం తడిసి ఉన్నది. బండి కట్ట ఎక్కింది. దిగుడు మొదలు కాగానే వెనక నుంచి తోపు తగిలి వేగం పెరిగింది. కింది గేరు వేయబోయి అతను క్లచ్చి నొక్కాడు. క్లచ్చి నొక్కగానే చక్రాలకు ఇంజను పట్టు పోయింది. బ్రేకు వేశాడు. చక్రాలు బిగుసుకుని మొరం మీద జారినవి. ట్రాలీ నొగ ఇంజనును పక్కకు తోసింది. ఇంజను అడ్డం తిరిగి, కట్ట కిందికి బోర్లా పడింది. అతను ఒక పక్కకు ఎగిరిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మడ్‌గార్డు మీద కూర్చున్న అతని తమ్ముడు ఇంజను కిందికి పోయినాడు. ఇంటరు పరీక్షలు రాసి ఇంటికి వచ్చి, బస్తాలు దించటానికి సాయం పోయిన పిల్లవాడు.

నెల తరువాత నేను ఆ ఇంటికి పోయాను. అతను మంచం మీద ఉన్నాడు. నన్ను ఏమీ అనలేదు. చాలాసేపు ఊరుకుని ఒక్క మాట అన్నాడు: "ఎక్కేటప్పుడు మంచిగనే ఎక్కింది సార్."

సోదరులారా, ఈ ప్రసంగమంతా ఆ ఒక్క మాటకు జవాబే. బండి ఎగుడు ఎక్కినంత మాత్రాన దిగుడు దిగగలదని అర్థం కాదు. ఎక్కేటప్పుడు ఇంజను పని చేస్తుంది. దిగేటప్పుడు బరువు పని చేస్తుంది.

ఇప్పుడు తగని బరువు ఏయే విధాల దెబ్బ తీస్తుందో చూద్దాము.

మొదటిది ఇప్పుడు చెప్పినదే: వెనక నుంచి తోపు. దీనికి విరుగుడు బరువు తగ్గించటం, గేరు ముందే మార్చుకోవటం. దిగుడు మొదలు కాకముందే బండి నిలిపి తక్కువ గేరు వేయండి. ఏ గేరులో ఎక్కగలమో, అంతకు మించని గేరులో దిగవలెను. దిగుడు మధ్యలో గేరు మార్చరాదు, క్లచ్చి నొక్కరాదు. కొందరు డీజిలు మిగులుతుందని న్యూట్రలులో వదిలిపెడతారు. చెంచాడు డీజిలు కోసం ప్రాణం పణం పెట్టడమే అది. పొలంలో మలుపు తిరగటానికి రెండు బ్రేకు పెడళ్లను విడదీసుకుంటాము గదా, రోడ్డెక్కే ముందు వాటిని గొళ్లెంతో కలపటం మరచిపోకండి. కలపని పెడళ్లలో ఒకటి నొక్కితే ఒక చక్రమే ఆగి, బండి గిర్రున తిరుగుతుంది.

రెండవది, ముందు చక్రాలు తేలిపోవటం. రెండు చక్రాల ట్రాలీలో బరువు ముందుకు ఎక్కువైతే, అది ట్రాక్టరు కొక్కెం మీద కూర్చుంటుంది. కొక్కెం వెనక ఇరుసుకు ఇంకా వెనకగా ఉంటుంది గనుక, ఆ బరువు ట్రాక్టరు మూతిని పైకి లేపుతుంది. మూతి తేలితే స్టీరింగు ఎటు తిప్పినా బండి తిరగదు. మలుపులో నేరుగా కాలువలోకి పోతుంది. బరువు వెనక్కి ఎక్కువైతే కొక్కెం పైకి లేచి ట్రాక్టరు వెనక చక్రాలకు నేల పట్టు తగ్గుతుంది. అప్పుడు బ్రేకు పట్టదు. కాబట్టి ఎద్దుల బండి సూత్రమే ఇక్కడ కూడ. బరువులో ఎక్కువ భాగం ట్రాలీ ఇరుసు మీద, కొద్దిగా ముందుకు మొగ్గి ఉండవలెను. ట్రాక్టరు మొత్తం బరువులో కనీసం అయిదవ వంతు ముందు చక్రాల మీద ఉంటేనే స్టీరింగు మాట వింటుంది. అవసరమైతే కంపెనీవారు ఇచ్చే ముందు బరువులు తగిలించండి. కాని ముందు బరువులు తగిలించినామని వెనక మరి పది బస్తాలు వేస్తే చేసిన పని చెడుతుంది.

మూడవది అన్నిటికన్న చెడ్డది: దిగబడిన ట్రాలీని లాగటం. బురదలో ట్రాలీ కూరుకుపోతుంది. గొలుసు తెచ్చి, కొక్కెం అందకపోతే పైనున్న లింకుకో, ఇరుసుకో కడతారు. ఒక్కసారిగా క్లచ్చి వదులుతారు. వెనక చక్రాలు కదలవు. చక్రాలు తిరగలేనప్పుడు ఇంజను బలం ఊరుకోదు, ట్రాక్టరు శరీరాన్నే ఇరుసు చుట్టూ పైకి లేపుతుంది. ముక్కు లేచి, నిట్టనిలువుగా నిలిచి, డ్రైవరు మీదికి వెనక్కి పడుతుంది. ఇది జరగటానికి ఒకటిన్నర సెకను చాలు. అందులో సగం గడిచేసరికే ఇక ఆపలేని స్థితి వస్తుంది. మనకు తెలిసేలోపు అయిపోతుందన్నమాట. కనుక గొలుసు ఎప్పుడూ కింద ఉన్న డ్రాబారు కొక్కేనికే కట్టాలి. ఇరుసు కన్న ఎత్తున కట్టరాదు. ముందు బస్తాలు దించండి. చక్రాల ముందు మట్టి తవ్వండి. వీలైతే వచ్చిన దారినే వెనక్కి తీయండి. క్లచ్చి మెల్లగా వదలండి. ముక్కు లేస్తున్నట్లు కనపడితే ఆలోచించకుండా క్లచ్చి నొక్కండి. చుట్టూ ఉన్నవారిని గొలుసు పొడవుకు మించి దూరంగా నిలబెట్టండి. తెగిన గొలుసు కొడవలి వంటిది.

మరి ఎంత బరువు తగినది? బ్రేకులు లేని ట్రాలీని సరుకుతో సహా ట్రాక్టరు బరువుకు ఒకటిన్నర రెట్లు మించనీయరాదని కొన్ని కంపెనీల పుస్తకాలలో రాసి ఉంటుంది. రెండు టన్నుల ట్రాక్టరుకు మూడు టన్నులు. ట్రాలీ బరువు పోను మిగిలేది టన్నున్నర, అంటే నలభై బస్తాలు కూడ నిండవు. మీరు నవ్వుతారని నాకు తెలుసు. మా ఊళ్లో చెప్పినప్పుడు కూడ నవ్వినారు. నలభై బస్తాలే వేయమని నేను ఇవాళ మిమ్మల్ని ఒప్పించలేను. కాని పుస్తకం చెప్పేదానికి, మనం చేసేదానికి మధ్య ఎంత దూరం ఉన్నదో తెలుసుకోండి. ఆ దూరమంతా మనం డ్రైవరు ప్రాణం మీద వేస్తున్న బరువే. కనీసం ఈ నాలుగు పనులు చేయండి. మీ ట్రాక్టరు పుస్తకం తీసి అది ఎంత లాగవచ్చునో చదివించుకోండి. ట్రాలీ రిజిస్ట్రేషను కాగితంలో రాసిన బరువు మించకండి. కొత్త ట్రాలీ చేయించేటప్పుడు దానికీ బ్రేకులు పెట్టించండి. దున్నటానికి కొన్న చిన్న ట్రాక్టరుకు పెద్ద ట్రాలీ ఎవరు ఊరికే ఇచ్చినా తగిలించకండి.

వడ్లకు బస్తాల లెక్క ఉంటుంది. మిగతా వాటికి కన్ను మోసపోతుంది. ఒక ఘనమీటరు పొడి ఇసుక సుమారు 1600 కిలోలు. తడిస్తే ఇంకా ఎక్కువ. వెయ్యి ఇటుకలంటే దాదాపు మూడు టన్నులు. నాలుగు వేల లీటర్ల నీళ్లంటే నాలుగు టన్నులు, ట్యాంకరు బరువు అదనం. పైగా సగం నిండిన ట్యాంకరులో నీళ్లు అలలాడి మలుపులో బండిని ఒక పక్కకు గుంజుతాయి. నింపితే నిండుగా నింపండి, లేకుంటే మరీ నిదానంగా పోండి. గడ్డి, పత్తి తేలికే గాని ఎత్తు. ఎత్తు పెరిగిన కొద్దీ పల్లం వైపు ఒరిగే భయం పెరుగుతుంది, కరెంటు తీగ తగిలే భయం కూడ.

బయలుదేరే ముందు ఒక్క చుట్టు తిరిగి చూడండి. కొక్కేనికి సరైన పిన్ను, దానికి తాళపు పిన్ను ఉన్నవా? పిన్ను దొరకలేదని ఇనుప కడ్డీ ముక్క దూర్చినారా? పిన్ను జారినా ట్రాలీ విడిపోకుండా పట్టే గొలుసు ఉన్నదా? ట్రాలీ టైర్లు పగుళ్లు బారినవా? వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు కనపడుతున్నవా? రాత్రి రోడ్డు పక్కన దీపం లేని ట్రాలీ నిలిపితే, మోటారు సైకిలు మీద వచ్చేవానికి అది గోడ వంటిది. మడ్‌గార్డు మీద ఎవరినీ కూర్చోనీయకండి. ట్రాక్టరుకు రక్షణ కమ్మీ ఉంటే సీటు బెల్టు పెట్టుకోండి. కమ్మీ లేని ట్రాక్టరు మీద మాత్రం బెల్టు పెట్టుకోరాదు.

అక్కచెల్లెళ్లారా, ఇప్పుడు మీతో ఒక మాట. 2018లో ఏప్రిల్ నెలలో నల్లగొండ జిల్లాలోను, జూన్ నెలలో యాదాద్రి భువనగిరి జిల్లాలోను, కూలికి పోయే స్త్రీలు ఎక్కిన ట్రాక్టరు ట్రాలీలు కాలువలలో పడినవి. పొద్దున సద్ది కట్టుకుని పోయినవారు చాలామంది తిరిగి రాలేదు. ట్రాలీ సరుకు కోసం చేసినది. మనుషులు కూర్చోవటానికి, పట్టుకోవటానికి అందులో ఏమీ లేదు. మేస్త్రీ "ఎక్కండి, ఎక్కండి" అంటే, ఆటో పంపమని అడగండి. అడగటం మీ హక్కు. ఇక బస్తాల మీద ఎక్కి కూర్చోవటం మరీ ప్రమాదం.

"ఇవన్నీ సరే, రెండు ట్రిప్పులంటే కిరాయి ఎక్కువ, మబ్బు పైన ఉన్నది, టోకెను పోతుంది" అని మీరు అంటారు. ఆ మాట కొట్టివేయలేను. నాలుగైదు కిలోమీటర్ల దూరానికి రెండో ట్రిప్పు అంటే మూడు నాలుగు లీటర్ల డీజిలు, ఒక గంట కాలం. అది నష్టమే. కాని రైతు తన ఇష్టంతో ఎక్కువ బరువు వేయటం లేదు. వరుస తప్పుతుందన్న భయం వేయిస్తున్నది. కాబట్టి నాతోటి విస్తరణ కార్యకర్తలకు, కేంద్రాలు నడిపేవారికి మనవి చేసుకుంటున్నాను. ఒక టోకెను మీద రెండు ట్రిప్పులు తెచ్చుకోనివ్వండి. మొదటి ట్రిప్పు చేరితే రైతు వరుసలో ఉన్నట్లే లెక్క కట్టండి. కల్లం దగ్గర వడ్లు తడవకుండా పరదాలు అందించండి. మీటరుతో తేమ చూసిన చేతితోనే ట్రాలీ పిన్ను కూడ తట్టి చూడండి. అది మన ఉద్యోగంలో రాసిలేదని అనుకోకండి. నేను అట్లాగే అనుకున్నాను.

ఇప్పుడు నేను ఏ కల్లానికి పోయినా ముందు ట్రాలీ చుట్టూ ఒకసారి తిరుగుతాను. "ఎన్ని బస్తాలు? ఏ ఇంజను? ఏ దారి?" అని మూడు ప్రశ్నలు అడుగుతాను. తరువాతనే మీటరు తీస్తాను. కొందరు విసుక్కుంటారు. ఆ యువరైతు మాత్రం విసుక్కోడు. కాలు కొంచెం ఈడ్చుకుంటూ నడుస్తాడు. నిరుడు అతని కల్లం దగ్గర నేను అడగకముందే చెప్పినాడు: "యాభై సార్. మిగిలినవి రేపు."

మీరూ ఈ కారు ఆ మాట అనగలిగితే నేను మాట్లాడినందుకు ఫలితం దక్కినట్లే. సెలవు.